పెరట్లో రెండో ఇల్లు: రాయ్‌పూర్‌లో వాటాల చరిత్ర

రాయ్‌పూర్ పాత పేటల్లో ఒకే ప్రహరీ లోపల రెండు మూడు పొయ్యిలు వెలిగే ఇళ్లు చాలా ఉన్నాయి. ముందు భాగంలో యజమాని కుటుంబం ఉంటుంది. వెనక పెరట్లోనో, పక్క గోడ వెంబడో మరో సంసారం ఉంటుంది. వాళ్లు వేరుపడ్డ తమ్ముడి కుటుంబం కావచ్చు, ఇంట్లో పనిచేసేవాళ్లు కావచ్చు, నెలనెలా అద్దె కట్టే పరాయివాళ్లూ కావచ్చు. కోస్తాలో వాటా అనీ, హైదరాబాద్‌లో పోర్షన్ అనీ అనేది ఇలాంటి దాన్నే. ఒక కుటుంబం కోసం తీసుకున్న స్థలంలో రెండో నివాసం కట్టడమనేది ఈ ఊళ్లో ముందస్తు ఆలోచనతో జరిగింది తక్కువ. పశువులకోసమో, నౌకర్లకోసమో, కొడుకు పెళ్లికోసమో వేసిన గది కొన్నేళ్లకు ఇంకొకరి ఇల్లయింది. చట్టాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఛత్తీస్‌గఢీ ఇంటి అమరికలోనే ఇందుకు వీలుంది. వీధివైపు మందపాటి మట్టిగోడ, లోపల అంగనా అనే నడిమి వాకిలి, దాని చుట్టూ పరఛీ అనే వసారా. ఒక పక్క కోఠా, అంటే పశువుల కొట్టం. వెనక బారీ, అంటే కూరగాయల పెరడు. గోడలకు ఛుహీ అనే తెల్లమట్టి పూత, పైన ఖపరా అనే నాటు పెంకు. గదులన్నీ ఒకే కప్పు కింద ఉండవు. వాకిలి చుట్టూ దేనికదిగా లేచినవి కాబట్టి ఇంకో గది కలపడానికి ఉన్న ఇంటిని కదిలించనక్కర్లేదు. అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే పొలం పంపకాలకంటే ముందే పొయ్యి వేరవుతుంది. పరఛీలో ఒక కొసను మట్టిగోడతో మూసి, లోపల కొత్త చూల్హా పెడితే ఆ పూటనుంచే అది వేరే కాపురం. వాకిలీ, బావీ, బారీ మాత్రం ఉమ్మడిగానే సాగుతాయి. మన దేశపు జనగణన కూడా దాదాపు ఇదే పద్ధతి పాటిస్తుంది. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లను అది ఒక కుటుంబంగా లెక్కగడుతుంది. గుమ్మాలను లెక్కపెట్టి కుటుంబాలెన్నో తేల్చదు. ఆ కొలతతో చూస్తే పాత రాయ్‌పూర్‌లో ఒంటరి కుటుంబపు ఇల్లు అరుదైన సంగతే.

ఈ ఊరికి పరాయివాళ్ల రాక పెరిగింది పాలనాకేంద్రం అయ్యాకే. 1818లో నాగ్‌పూర్ భోంస్లేల రాజ్యంపై బ్రిటిష్ పర్యవేక్షణ మొదలైనప్పుడు ఛత్తీస్‌గఢ్ కచేరీని రతన్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు మార్చారు. 1854లో నాగ్‌పూర్ రాజ్యం నేరుగా కంపెనీ పాలనలో కలిసింది. 1867లో పురపాలక సంఘం ఏర్పడింది. కచేరీల వెంట గుమస్తాలు, వకీళ్లు, వర్తకులు వచ్చారు. వాళ్లకు సత్రాల్లో కొన్నాళ్లు గడుస్తుంది గానీ సంసారం సాగదు. కలకత్తా న్యాయవాది విశ్వనాథ్ దత్తా పనిమీద ఇక్కడ ఉంటూ 1877లో కుటుంబాన్ని రప్పించుకున్నారు. అప్పటికి ఊరికి రైలు లేదు. దారిలో చాలా భాగం ఎద్దుబండి ప్రయాణమే. ఆ కుటుంబంలోని పద్నాలుగేళ్ల పిల్లవాడే తర్వాత వివేకానందుడయ్యాడు. బూఢాపారాలో వాళ్లు తలదాచుకున్న ఇల్లు డే భవన్ అని ఊళ్లో చెప్పుకుంటారు. అది సాటి బెంగాలీ వకీలు కుటుంబానిది. పరాయి ఊరికి బదిలీ మీద వచ్చినవాడికి సొంత భాష మాట్లాడే ఇంట్లో చోటు దొరకడం, రాయ్‌పూర్‌లో వాటాల కథలో పదేపదే కనిపించే ఘట్టం. తెలుగువాళ్ల విషయంలోనూ అదే జరిగింది.

సివిల్ లైన్స్ బంగళాల సంగతి వేరు. అక్కడ రెండో నివాసం నక్షాలోనే ఉండేది. పెద్ద ఆవరణ మధ్యలో దొరగారి బంగళా, నిప్పూ పొగా దూరంగా ఉండాలని విడిగా వంటిల్లు, వెనక ప్రహరీకి ఆనించి వరసగా చిన్న గదులు. వంటవాడు, తోటమాలి, గుర్రాల సయీసు పెళ్లాంబిడ్డలతో ఆ గదుల్లోనే ఉండేవాళ్లు. గది జీతంలో భాగం, నౌకరీ పోతే గదీ పోయినట్టే. అవుట్‌హౌస్ అనే మాట ఈ వరస గదుల నుంచే రాయ్‌పూర్ మధ్యతరగతికి పాకింది. కొలువుల్లోకి భారతీయ అధికారులు వచ్చాక సయీసు అవసరం తీరిపోయింది గానీ గదులు మిగిలాయి. ఊళ్లో చదువుకోవడానికి వచ్చిన మేనల్లుడికి ఒకటి, దూరపు చుట్టానికి ఒకటి అయ్యాయి. ఇలాంటి స్థలాల్లో చాలావరకు నజూల్ భూములు, అంటే సర్కారు పట్టణంలో కౌలు పట్టాలిచ్చిన జాగాలు. భూమి తనది కానివాడు దాని మీద ఎంత కట్టుకున్నా పట్టా పునరుద్ధరణ భయం ఉంటుంది. అందుకే వెనక గదులు చాలాకాలం పెంకుకప్పుతో, మట్టిగోడలతోనే ఉండిపోయాయి.

రైలు వచ్చాక లెక్క మారింది. నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు 1882 నాటికే మీటర్‌గేజి లైను ఉంది. దాన్ని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో తీసుకుని బ్రాడ్‌గేజికి మార్చి తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి నాగ్‌పూర్–అసన్‌సోల్ ప్రధాన మార్గం పూర్తయి రాయ్‌పూర్ దాని మీద స్టేషనయింది. 1901లో ఊరి జనాభా 32 వేలు. ఉత్తరాంధ్రతో నేరు బంధం మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లకు గానీ ముడిపడలేదు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే వేసిన శాఖను అడవులు, కొండలు దాటించి 1931లో రాయ్‌పూర్‌తో కలిపారు. సెంట్రల్ ప్రావిన్సెస్ ఖనిజాలను విశాఖ రేవుకు చేర్చడం దాని ప్రధాన ఉద్దేశం. ఆ రేవు 1933లో తెరుచుకుంది. ఖనిజం కిందికి దిగితే మనుషులు పైకి ఎక్కారు. రాయగడ, టిట్లాగఢ్, ఖరియార్ రోడ్, మహాసముంద్ మీదుగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఫైర్‌మెన్లు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్లు, వంటవాళ్లు, చిన్న వ్యాపారులు రాయ్‌పూర్ చేరారు. 1960ల్లో వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం వచ్చాక దాని చుట్టూ లేచిన డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు గొంతులు బాగా వినిపించే చోటయింది. ఇవాళ ఊరంతటికీ అది దసరా రావణదహనం మైదానంగా గుర్తు.

రైల్వే క్వార్టరులో రెండో కాపురానికి చోటు లేదు, అనుమతీ లేదు. ఒక గది, వంటిల్లు, వెనక చిన్న దొడ్డి. పదవీ విరమణ చేస్తే కొద్ది నెలల్లో ఖాళీ చేయాలి. ఇరవై ముప్ఫై ఏళ్లు ఇక్కడే గడిపిన మనిషికి పిల్లల బడి, సాటివాళ్లు, గుడి అన్నీ ఈ ఊళ్లోనే. సొంతూళ్లో ఇంటివాటా అన్నదమ్ముల చేతిలో ఉంటుంది. అందుకని ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసి పట్టాలకు అవతలి గుఢియారీలోనో, ఖమ్‌తరాయీలోనో చిన్న ప్లాటు కొనేవాళ్లు. కట్టే వరస గమనించదగ్గది. ముందువైపు జాగా ఖాళీగా వదిలి, ప్లాటు వెనక కొసన రెండు గదులు ముందు వేసేవాళ్లు. వాటి మీద సిమెంటు రేకు, ఒక మూల స్నానానికి తడక. క్వార్టరు వదిలి నేరుగా అందులోకి దిగేవాళ్లు. గ్రాట్యుటీ చేతికందాకో, పెద్దకొడుకు ఉద్యోగంలో కుదిరాకో ముందువైపు అసలు ఇల్లు లేచేది. అది పూర్తయి గృహప్రవేశం అయ్యాక వెనక రెండు గదులు ఖాళీ. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి ఎవరో ఒకరు రైలు దిగేవాళ్లు. బావమరిది తోడల్లుడి కొడుకో, పక్కూరి కుర్రాడో. కొన్నాళ్లు ఉచితం, తర్వాత కరెంటు ఖర్చు, ఆ తర్వాత ఎంతో కొంత అద్దె. చుట్టరికం అద్దెకొప్పందంగా మారిన తేదీ ఏదో ఇరుపక్షాల్లో ఎవరికీ గుర్తుండదు. వెనక గదులు అవుట్‌హౌస్‌గా పుట్టలేదు. అవి అసలు ఇంటికంటే వయసులో పెద్దవి. వాస్తు పుస్తకాలు, నగర ప్రణాళిక పుస్తకాలు రెండూ రెండో ఇంటిని తర్వాత వచ్చిన చేర్పుగానే చూస్తాయి గానీ రాయ్‌పూర్ శివారుల్లో వరస చాలాసార్లు తిరగబడింది.

అద్దె చట్టాలు ఈ ఏర్పాటును ఎంత ప్రభావితం చేశాయో చెప్పుకోకపోతే కథ సగమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ల కరువు మీద సెంట్రల్ ప్రావిన్సెస్ ప్రభుత్వం 1946లో ఒక చట్టం, దాని కింద 1949లో ఇళ్ల కిరాయి, అద్దె నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. రాయ్‌పూర్ ఉన్న ఆ ప్రావిన్సుకు అప్పటికి రాజధాని నాగ్‌పూరే. ఆ ఉత్తర్వులో రెండు నిబంధనలు ఇంటి యజమానులను భయపెట్టాయి. అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయమని నోటీసు ఇవ్వాలంటే ముందు రెంట్ కంట్రోలర్ అనుమతి కావాలి. అద్దె ఇల్లు ఖాళీ అయితే ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి, అప్పుడు ఆ ఇంటిని ప్రభుత్వ ఉద్యోగికి కేటాయించే అధికారం వాళ్లకుంది. ఊళ్లో రెండో ఇల్లు విడిగా ఉన్నవాడికి ఇది తలనొప్పి. అదే ఇల్లు తన ప్రహరీ లోపల, తన వాకిలి గుండానే దారి ఉండేట్టు ఉంటే అది ఖాళీ అయిన సంగతి బయటికి పొక్కదు. దాన్ని విడి ఇల్లు అనాలా, ఇంట్లో గది అనాలా అన్నదే తేలదు. విడిగా ఇల్లు కట్టి అద్దెకిచ్చే మోజు తగ్గి, పెరట్లో గదులకు ఆదరణ పెరగడానికి ఈ ఉత్తర్వు ఒక కారణమని అనుకోవచ్చు.

1956లో నాగ్‌పూర్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లి, రాయ్‌పూర్ భోపాల్ రాజధానిగా ఏర్పడ్డ కొత్త మధ్యప్రదేశ్‌లో మిగిలింది. 1961లో మధ్యప్రదేశ్ వసతి నియంత్రణ చట్టం వచ్చింది. రాయ్‌పూర్‌లో ఇంటివాడికీ అద్దెకున్నవాడికీ మధ్య తగవులన్నీ అరశతాబ్దం పాటు దీని సెక్షన్ 12 చుట్టూ తిరిగాయి. ఖాళీ చేయించడానికి అందులో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. బకాయికి నోటీసు ఇచ్చినా కట్టడానికి రెండు నెలల గడువుంది. సొంత నివాసానికి కావాలంటే ఆ అవసరం నిజమైనదనీ, అదే ఊళ్లో తగిన ఇల్లు తనకు మరొకటి లేదనీ చూపించాలి. ఇక్కడే పెరటి వాటా బలం తెలుస్తుంది. కొడుక్కి పెళ్లయింది, ముందు ఇంట్లో చోటు చాలడం లేదు, వెనక గదులు కావాలి అని చెప్పడం తేలిక. జడ్జి వచ్చి చూసినా కళ్లెదుట కనిపించే అవసరం అది. అయినా కేసు ఏళ్ల తరబడి నడిచేది. ఒకే బావి నీళ్లు తోడుకుంటూ, ఒకే గేటు తెరుస్తూ కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డ కుటుంబాలు ఈ ఊళ్లో తక్కువేం లేవు.

1983లో ఆ చట్టానికి కొత్త అధ్యాయం కలిపారు. రిటైరైన ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ కంపెనీల నుంచి రిటైరైనవాళ్లు, వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలు, వికలాంగులు యజమానులైతే, వాళ్ల అవసరాన్ని సివిల్ కోర్టుల చుట్టూ తిప్పకుండా అద్దె నియంత్రణాధికారి దగ్గరే తేల్చే ఏర్పాటు అది. రాయ్‌పూర్ రైల్వే పింఛనుదార్లకు, దగ్గర్లోనే ఉన్న భిలాయ్ ఉక్కు కర్మాగారం నుంచి రిటైరై ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఇది నేరుగా వర్తించింది. భిలాయ్ కర్మాగారానికి సోవియట్ ఒప్పందం 1955లో కుదిరింది, మొదటి కొలిమి 1959లో వెలిగింది. దాంట్లో చేరిన తొలితరం 1980ల నుంచే పదవీ విరమణ చేయడం మొదలుపెట్టింది. ఆ తరంలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. పింఛనుదారు వెనక గదులు అద్దెకివ్వడానికి జంకు కొంత తగ్గిందంటే ఈ అధ్యాయం చలవే.

అదే కాలానికి కట్టుబడి సామగ్రి కూడా మారింది. రాయ్‌పూర్ చుట్టూ సున్నపురాయి నేల. నేలకు పరిచే ఫర్షీ పత్థర్ పలకలు ఇక్కడ చవక. ఇళ్ల లోపల అరుగుల నుంచి పెరటి కంచె దాకా అవే కనిపిస్తాయి. ఆ సున్నపురాయే సిమెంటు కర్మాగారాలను రప్పించింది. 1960ల్లో జాముల్, 1970లో రాయ్‌పూర్ పొలిమేర మాంఢర్, తర్వాత ఇంకా చాలా. సిమెంటు చేరువయ్యాక రెండో ఇల్లు పెరడు వదిలి మేడెక్కింది. ఢలాయీ రోజున, అంటే స్లాబు పోసే రోజున, ఇంటివాళ్లు మేస్త్రీలకు మిఠాయి పంచడం అందరూ చేసేదే. ఆ స్లాబు మీద నాలుగు మూలలా మూడడుగుల ఇనుప చువ్వలు వదిలేయడం మాత్రం భవిష్యత్తుకోసం. మెట్లు ఇంటి లోపలినుంచి కాక బయటి గోడ పక్కనుంచి వేస్తారు. ఆ ఒక్క నిర్ణయంతోనే పైభాగం అద్దెకని తెలిసిపోతుంది. లోపలి మెట్లున్న మేడ కొడుకుదీ, బయటి మెట్లున్న మేడ కిరాయీదారుదీ.

దగ్గరగా చూస్తే వాటాలో తగాదాలన్నీ నీళ్లూ, కరెంటూ, గేటు తాళం అనే మూడింటి మీదే. నగరనిగమ్ నల్లా పొద్దున్నా సాయంత్రం కొద్దిసేపే వస్తుంది. ముందు ఇంటివాళ్లు టుల్లు పంపు వేస్తే వెనక కొళాయిలో చుక్క రాదు. కరెంటుకు అసలు మీటరు ఇంటివాడి పేరనే ఉంటుంది. వాటా గోడకు చిన్న సబ్‌మీటరు బిగించి, దాని అంకె చూసి యూనిట్‌కింత అని వసూలు చేస్తారు. ఆ రేటు విద్యుత్ సంస్థ రేటుకంటే ఎక్కువగా ఉండడం ఊరంతా ఎరిగిన రహస్యం. రాత్రి పదిన్నరకు గేటుకు తాళం పడుతుంది. రాత్రి డ్యూటీ చేసే రైల్వే కుర్రాళ్లకు అద్దె తక్కువైనా ఇల్లు నచ్చకపోవడానికి ఈ తాళమే కారణమయ్యేది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయింది. సచివాలయానికి విడి భవనం లేక పాత డీకేఎస్ ఆసుపత్రి భవనాన్నే మంత్రాలయగా మార్చారు. నయా రాయ్‌పూర్‌లో మహానది భవన్ సిద్ధమయ్యేసరికి 2012 వచ్చింది. అధికారులకే పన్నెండేళ్లు సొంత కార్యాలయం లేకపోతే, భోపాల్ నుంచి వచ్చిన గుమస్తాలకు క్వార్టర్లు ఎక్కడివి? వాళ్లను ఎక్కువగా ఇముడ్చుకున్నది శంకర్‌నగర్, దేవేంద్రనగర్, టాగోర్‌నగర్, చౌబే కాలనీ, సమతా కాలనీల్లోని మేడలు, పెరటి గదులే. 2011 జనగణన నాటికి నగరపాలిక జనాభా పది లక్షలు దాటింది. మునుపు పనివాళ్లకనీ చుట్టాలకనీ ఉంచిన గదులకు ఆ పదేళ్లలో టైల్స్, విడి మరుగుదొడ్డి, విడి గేటు వచ్చాయి. కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఆసుపత్రుల నర్సులు, ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు వచ్చాక అద్దెకున్నవాళ్లలో సొంత భాషవాళ్లే ఉండాలన్న పాత ఆనవాయితీ కూడా సడలింది.

నగర ప్రణాళిక నియమాలు ఈ రెండో ఇంటిని చూసే తీరు అమెరికా పద్ధతికి పూర్తిగా భిన్నం. అక్కడ 1916లో కాలిఫోర్నియాలోని బర్కిలీ ఒక ప్రాంతంలో ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లే ఉండాలని కట్టుబాటు పెట్టింది. ఆ పద్ధతి దేశమంతా పాకి పెరట్లో రెండో ఇల్లు చాలాచోట్ల చట్టవిరుద్ధమైంది. ఇళ్ల ధరలు భరించలేని స్థాయికి వెళ్లాక కాలిఫోర్నియాయే 2017 నుంచి ఆ అడ్డు తొలగించడం మొదలుపెట్టింది. ఇక్కడ భూమి వికాస్ నియమాలు 1984 ప్లాటులో ఎన్ని కాపురాలున్నాయని పెద్దగా పట్టించుకోవు. ముందు, వెనక, పక్కల ఎన్ని అడుగులు ఖాళీగా వదిలారు, నేలలో ఎంత భాగం కప్పు కిందికి వచ్చింది, మొత్తం అంతస్తుల విస్తీర్ణం ఎంత అన్నవే వాటి ప్రశ్నలు. ఈ ఖాళీ పట్టీని నక్షా వేసేవాళ్లు ఎంఓఎస్ అంటారు. పెరటి గది లేచేది సరిగ్గా ఆ వెనక ఎంఓఎస్‌లోనే. అంటే వెనక గది తప్పు అక్కడ ఎవరు ఉంటున్నారన్న దాంట్లో లేదు, అది నిలబడ్డ చోటులో ఉంది. పొలం భూమిని ఇళ్ల వాడకానికి మార్చే డైవర్షన్ అనుమతి లేకుండానే ప్లాట్లు కోసి అమ్మిన శివారు కాలనీల్లో అయితే ముందు ఇల్లే అనధికారం, వెనకదాని ఊసే రాదు.

2002లో అనధికార నిర్మాణాల క్రమబద్ధీకరణకు రాష్ట్రం ఒక చట్టం చేసింది, 2022లో దాన్ని సవరించి మళ్లీ తలుపు తెరిచింది. రుసుము కట్టి నక్షా సరిచేసుకునే వీలు కలిగింది. నియమానికి మించిన గదులున్నవాళ్లకు ఇది ఊరట. నియమం పాటించి పెరడు ఖాళీగా వదిలినవాళ్లకు మాత్రం కాస్త చిరాకే. అద్దె విషయంలో 1961 చట్టం స్థానంలో ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం 2011 వచ్చింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అది కోరుతుంది. కారణం చెప్పకుండానే ఆరు నెలల నోటీసుతో ఖాళీ చేయించే హక్కు యజమానికిచ్చి, ఆ పైన ఏడాదిపాటు అంతకంటే ఎక్కువ అద్దెకు ఇవ్వకూడదని షరతు పెట్టింది. ట్రిబ్యునల్ తీర్పుపై నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాలన్న అందులోని విచిత్రమైన నిబంధనను 2019లో సుప్రీంకోర్టే కొట్టేసింది. పెరట్లో రెండు గదుల అద్దె తగవుతో ఢిల్లీ దాకా ఎవరు వెళ్తారన్న ఆలోచన ఆ నిబంధన రాసినప్పుడు ఎవరికీ తట్టినట్టు లేదు.

గత కొన్నేళ్లలో రెండో ఇంటి గుర్తింపును నగరనిగమ్ కంటే విద్యుత్ కంపెనీ ఎక్కువగా ప్రభావితం చేసింది. 2019 మార్చి నుంచి గృహవినియోగదారులకు 400 యూనిట్ల వరకు బిల్లు సగానికి తగ్గించారు. ఒక ప్రహరీలో రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే ఆ రాయితీ ఒక్కసారే దక్కేది, రెండు మీటర్లుంటే రెండుసార్లు. దాంతో వాటాకు సబ్‌మీటరు తీసి కంపెనీ మీటరే పెట్టించుకోవడం లాభసాటి అయింది. అంతకుముందు రికార్డుల్లో ఒకే ఇల్లుగా ఉన్నది అలా రెండు కనెక్షన్లుగా నమోదైంది. 2025లో ఆ పరిమితిని బాగా కోసేశారు. మీటర్లు మాత్రం గోడలకు అలాగే ఉన్నాయి, బిల్లులు రెండు పేర్ల మీద వస్తున్నాయి.